గనికి కుట్టిన తెరచాప

మా పాలెంలో సముద్రం మీద ఎంత దూరం పోయివచ్చారో చెప్పుకునే మగవాళ్ళు చాలామంది ఉన్నారు. పడమటికి గూడూరు దాటి పోయామని చెప్పుకునేవాళ్ళు ఒకరిద్దరే. ఆడపిల్లల్లో బహుశా నేనే మొదటిదాన్ని. తిరిగివచ్చి రెండు నెలలైంది. ఆ ఊరు ఎలా ఉంది, ఏం చూశావని అడిగినవాళ్ళకు నేనేమీ చెప్పలేకపోయాను. నలుగురి ముందు నోరు విప్పడం నాకు మొదటి నుంచీ చేతకాదు. అక్కడ నోటుపుస్తకంలో రాసుకున్నవి ఒళ్ళో పెట్టుకుని ఇప్పుడు రాస్తున్నాను.

మా నాయన తెరచాపలు కుడతాడు. వాకాడు తట్టు పాలేల్లో సగం తెప్పలకు ఆయన కుట్టిన చాపలే. మూడేళ్ళుగా చూపు మందగించింది. సూదిలోకి దారం ఎక్కించేది నేను. మా అన్న శీనయ్య తెప్ప మీద పోయేవాడు. రెండేళ్ళ కిందట అతనితో వచ్చిన స్నేహితుడు అలల్లో పోయాడు. ఆనాటి నుంచి అన్న నీళ్ళలో కాలు పెట్టలేదు. ఒకరోజు నాయన అందరూ వింటుండగా, "నీళ్ళు చూసి వణికేవాడికి నా ఇంట్లో కూడు లేదు" అన్నాడు. అన్న ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. సైదాపురం తట్టు అభ్రకం గనిలో పనికి చేరాడని తర్వాత తెలిసింది.

ఈ చైత్రంలో అతని దగ్గర నుంచి నా పేర ఉత్తరం వచ్చింది. సొరంగం లోపలికి పోయేకొద్దీ ఊపిరాడటం లేదట. పైన వీచే గాలిని పట్టి కిందికి దించడానికి గుడ్డతో పెద్ద చాపలాంటిది కుట్టించాలని గనివాళ్ళు అనుకున్నారట. గూడూరులో కుట్టినది రెండు రోజుల్లో చిరిగిపోయింది. "మా నాయనైతే కుడతాడని మేస్త్రితో చెప్పినా" అని రాశాడు. నాయన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే, అరచేతికి కట్టుకునే తోలుముక్కకు నూనె రాస్తున్నాడు.

బయలుదేరేటప్పుడు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "చాప సంగతి నాకు తెలవదు. వాణ్ణి వెంటబెట్టుకోని రా. మీ నాయన అడగడు. నువ్వన్నా అడుగు."

ఉప్పు కాలవ

కాలవ దాటించే పడవవాడు నాయనకు పాత నేస్తం. సూదుల పెట్టె చూసి ఎక్కడికని అడిగాడు. గనికి చాప కుట్టడానికని నాయన చెప్పగానే గెడ ఆపి నవ్వాడు.

"నేల మీద చాపేంది కన్నయ్యా? గనిని కాలవ దాకా తోలుకొస్తావా?"

"గాలి యాడైనా గాలేగదా" అన్నాడు నాయన.

వాకాడులో బస్సెక్కేటప్పుడు అమ్మ కట్టిచ్చిన ఎండుచేపల మూట దగ్గర తగాదా వచ్చింది. కండక్టరు ముక్కు మూసుకుని, "ఆ మూట పైన పడెయ్ తాతా, బస్సులో మనుషులెక్కాల" అన్నాడు. "చేపలు తినేది మనుషులు గాదా అబ్బయ్యా?" అన్నాడు నాయన. బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగి, కోట ఊరు వచ్చేదాకా మళ్ళీ లోపలికి చూడలేదు. మూట మాత్రం పైకే పోయింది. గూడూరులో దించి చూస్తే పైకప్పు వేడికి మరింత ఎండి, సగం చేపలు పొడి పొడి అయ్యాయి. నాయన ఆ పొడినంతా పైగుడ్డలో ఎత్తి కట్టాడు. ఎవరికోసమని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

గూడూరు

కాఫీ హోటల్లో కాఫీ రెండణాలని పలక మీద రాసి ఉంది, అడిగేది మాత్రం పన్నెండు నయాపైసలు. అక్కడ మంచినీళ్ళు తియ్యగా ఉన్నాయి. మా పాలెంలో వేసవికి చెలమ నీళ్ళు ఉప్పెక్కుతాయి, అందుకని నేను రెండు లోటాలు తాగాను.

అక్కడి నుంచి గని లారీలో పోయాం. రోడ్డు పొడవునా మట్టి తళతళ మెరుస్తూ ఉంది. రాలిపడిన అభ్రకం పొరలవి. అక్కడివాళ్ళు దాన్ని కాకిబంగారం అంటారు. దిగేటప్పటికి నాయన మీసాలు, నా చీర అంచు కూడా మెరుస్తున్నాయి. ఇంత అందమైన ఊరు చూడలేదని ఆ సాయంత్రం నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పుట మడతలో ఇప్పటికీ రెండు మెరుపు పొరలున్నాయి.

గని లైన్లు

పనివాళ్ళ ఇళ్ళు వరసగా తాటాకు కప్పుతో ఉంటాయి, వాటినే లైన్లంటారు. మాకు బస చూపినది అన్నతో జతగా సొరంగంలో పనిచేసే చెంచయ్య, అతని భార్య రమణమ్మ. రమణమ్మక్క షెడ్డులో అభ్రకం రేకులు చీలుస్తుంది. ఆమె చేతివేళ్ళ చివర్లు ఎప్పుడూ తెగి ఉంటాయి. మాకు సజ్జ సంగటి, గోంగూర పులుసు పెట్టింది. చెంచయ్య మా మూట విప్పగానే, "ఏంది మామా, సముద్రాన్నే మూటగట్టుకోని వచ్చినావే! ఈ కంపుకు లైన్లన్నీ ఖాళీ అవుతాయి" అన్నాడు. అన్నీ అని, ఆ చేపల పొడిలో ఎక్కువ వంతు తనే సంగటిలో కలుపుకుని తిన్నాడు. అన్న తల వంచుకుని, ఒక్క మెతుకూ కింద పడకుండా తిన్నాడు. చిక్కిపోయాడు. మాట కూడా తగ్గింది.

నాయనకీ అన్నకీ మధ్య మాట పోయేదంతా నా మీదుగానే.

"తొండం ఎంత పొడుగు కావాలో వాణ్ణి అడుగు" అనేవాడు నాయన, అన్న ఎదురుగా నిలబడి ఉండగానే.

"నలభై బారలని చెప్పు మంగా" అనేవాడు అన్న.

చెంచయ్య మధ్యలో దూరి, "మంగమ్మా, ఇద్దరికీ కలిపి నేను చెప్తా, నువ్వు నీళ్ళు తాగు" అని నవ్వించేవాడు.

మరుసటి రోజు రమణమ్మక్క నాకు బాయి చూపించింది. నిలువుగా తవ్విన గుంతను బాయి అంటారు. దాని అడుగు నుంచి అడ్డంగా పోయేది సొరంగం. ఆడవాళ్ళు దిగకూడదు. అంచున వంగి చూస్తే, వడ్లు ఉడకబెట్టిన కాగు మూత తీసినట్టు ముఖాన ఆవిరి కొట్టింది. లోపలంతా చెమటా, దీపాల వేడీ, మందు పొగా అని చెప్పింది అక్క. రాయికి తూట్లు వేసి, పేలుడు మందు కూరి వత్తి అంటించాక, ఆ పొగ పోయేదాకా సాయంత్రం వరకు కాచుకోవాలట. పొగ ఉండగా పోతే మనిషి నిద్రపోయినట్టు పోతాడు అంది.

బాయి పక్కన వరసగా కొయ్యలు పాతి ఉన్నాయి. దిగేవాళ్ళు తమ పైగుడ్డను ఒక కొయ్యకు తగిలించి దిగుతారు, పైకి వచ్చాక తీసుకుంటారు. "కొయ్యకు గుడ్డ ఉండాదంటే కింద మనిషుండాడని లెక్క. ఏ గుడ్డ ఎవరిదో మా ఆడోళ్ళకందరికీ తెలుసు" అంది రమణమ్మక్క. నీలం గళ్ళది చెంచయ్యదనీ, ఆకుపచ్చ అంచుది మా అన్నదనీ చూపించింది. అది కూడా రాసుకున్నాను. తేదీ వేసి, నా చేతి రాతలో ఉంది.

చాప లేచిన రోజు

నాయన ఎనిమిది రోజులు కుట్టాడు. గుడారాలకు వాడే మందపు గుడ్డ. నేను దారాలు ఎక్కిస్తూ పక్కనే కూర్చున్నాను. పైన గాలి వచ్చే వైపుకు విచ్చుకునే రెండు రెక్కలు, వాటి మధ్య నోరు, నోటి కింద ఏనుగు తొండంలాగా పొడవాటి గొట్టం. తొండం ముడుచుకుపోకుండా లోపల వెదురు వలయాలు వేశాడు, మావాళ్ళు చేపల బుట్టలకు వేసినట్టే. తొండం బాయిలోకి దిగి, సొరంగం వెంట పోయి, తవ్వే చోట తెరుచుకుంటుంది.

బాయి మీద సరివి దుంగ నిలబెట్టి చాప ఎత్తారు. పొద్దుటి నుంచి వడగాలి తప్ప ఏమీ లేదు. మేస్త్రి అసహనంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాయన చెంప తడి చేసుకుని తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక, "వస్తా ఉండాది" అన్నాడు. నాకేమీ తెలియలేదు. కొంతసేపటికి రెక్కలు ఒక్కసారిగా పొంగాయి. అంత దూరం నుంచి మా సముద్రపు గాలి వచ్చి చేరింది. గాలి పలచబడినప్పుడు మావాళ్ళు చాపకు నీళ్ళు చల్లుతారు, నేత బిగిసి గాలిని వదలదు. నాయన అలాగే చల్లించాడు, కడవలు నేను మోశాను. దిగే గాలి చల్లబడింది కూడా.

సాయంత్రం చెంచయ్య పైకి వస్తూనే కేక వేశాడు. "మామా! కింద చేపల వాసన కొడతా ఉండాది! వత్తి అంటించి, అన్నం తిని, ఒక చుట్ట కాల్చేలోపల పొగ మాయం."

నాయన నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "వాడికెట్టా ఉండాదో అడుగు" అన్నాడు.

అన్న పైగుడ్డతో ముఖం తుడుచుకుని, చాప వైపు చూసి, "బాగుండాదని చెప్పు మంగా" అన్నాడు. ఇంకో నాలుగు రోజులు కుట్లు ఎలా నిలుస్తాయో చూసుకుని పోదామన్నాడు నాయన. అన్నను రమ్మని అడగడానికి నాలుగు రోజులున్నాయి కదా అనుకున్నాను. మూడు రోజులు నోరు పెగల్లేదు.

పాడె

నాలుగో రోజు పొద్దెక్కాక, ఉలులకు పదును పెట్టే ముసలి కమ్మరి లైన్లలో కన్నుమూశాడు. చాలాకాలంగా మంచం మీద ఉన్న మనిషి. పైన పనిచేసేవాళ్ళకు ఒక పూట వదిలారు. మధ్యాహ్నం తప్పెట్లతో పాడె బాయి పక్క దారినే వచ్చింది.

మా పాలెంలో ఎవరైనా పోతే, పాడె దాటిపోయి, మోసినవాళ్ళు స్నానాలు చేసి వచ్చేదాకా ఒక్క చాప కూడా నిలబడదు. కబురు తెలియగానే ఆ రోజు ఎవరూ నీళ్ళలో దిగరు. అప్పటికే పోయినవాళ్ళుంటే ఒడ్డున గుడ్డ ఊపి పిలుస్తారు. అందరూ ఒడ్డుకు చేరాకే చాపలు దించుతారు. అందువల్ల దించిన చాప మాకు గౌరవమే తప్ప, దానివల్ల ఎవరికైనా హాని ఉందని పుట్టిన దగ్గర నుంచీ అనుకోలేదు.

నాయన పాడెను చూశాడు. చెప్పులు విడిచాడు. తాడు ముడి విప్పి, "పట్టుకో మంగా" అన్నాడు. ఇద్దరం కలిసి చాప దించాం. రెక్కలు మడతపడి నేల మీద వాలాయి. పరాయి చోట కూడా నాయన మర్యాద మరవలేదని నాకు గర్వంగా అనిపించింది. ఆయన తలగుడ్డ తీసి చేత పట్టుకుని, పాడె వెనక శ్మశానానికి నడిచాడు. బాయిలోకి మనుషుల్ని దించి పైకి లాగే రాట్నం దగ్గర కాపలా ఉన్న మనిషి నీడలో కూర్చుని చూశాడు. కుట్టు ఊడితే బాగుచేస్తున్నారనుకున్నాడట.

నేను లైన్ల వైపు తిరిగాను. అప్పుడు కొయ్యలు కనిపించాయి. రెండింటికి గుడ్డలున్నాయి. ఒకటి నీలం గళ్ళది, ఒకటి ఆకుపచ్చ అంచుది.

చూశాను. చూసి నిలబడ్డాను. చావు కబురు తెలిశాక కింద ఎవరుంటారు, గుడ్డలు మరిచిపోయి ఉంటారు అనుకున్నాను. అయినా మనసు ఊరుకోలేదు. రాట్నం మనిషిని అడుగుదామా అనుకున్నాను. అతను పరాయి మగవాడు, ఒంటరిగా ఉన్నాడు. పోయి ఏమని అడగాలో మాటలు కూర్చుకుంటూ కూర్చుకుంటూ, రమణమ్మక్క గుమ్మం దాకా వచ్చేశాను.

చావు వచ్చినా గని లోపల పని ఆపరు. కింద ఉన్నవాళ్ళకు కబురు కూడా పంపరు. ఆ సంగతి మాకు తెలియదు. తప్పెట్ల మోతలో కింద మందు పేలిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. వాళ్ళిద్దరూ రోజూలాగే అన్నం తిన్నారు. చెంచయ్య చుట్ట కాల్చాడు. దీపం తీసుకుని, "నువ్వుండబ్బయ్యా, నేను చూసొస్తా" అని ముందు నడిచాడు.

అన్న చాలాసేపు పిలిచాడట. తర్వాత తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని పాకుతూ పోయి, కాళ్ళు పట్టి లాక్కొచ్చి, బాయి అడుగున ఉండే గంట తాడు లాగాడు. నాకు వినిపించింది ఆ గంట. ఇద్దరినీ పైకి తెచ్చారు. అన్న కక్కుతూ, దగ్గుతూ ఉన్నాడు. చెంచయ్య ముఖం మాత్రం నిద్రపోతున్నట్టే ఉంది. బుగ్గల మీద అభ్రకం మెరుస్తోంది.

శ్మశానం నుంచి తిరిగివస్తున్న నాయన ఆ గుంపును చూశాడు. తర్వాత నేల మీద ఉన్న చాపను చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

నీలం గళ్ళ గుడ్డ

ఎవరూ నాయనను ఒక్క మాట అనలేదు. "నీకెవరూ చెప్పలేదుగదా పెద్దాయనా" అన్నాడు మేస్త్రి. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాకు చెప్పారు.

మూడో రోజు నాయన కత్తి తీసుకుని చాప దగ్గరికి పోయాడు. కుట్లన్నీ కోసేస్తానన్నాడు. రమణమ్మక్క వచ్చి ఆయన ఎదుట నిలబడింది. ఆమె చేతిలో కొయ్య నుంచి తీసిన నీలం గళ్ళ గుడ్డ ఉంది.

"కొయ్యబాక మామా. కింద ఇంకా మనుషులుండారు. లేపు."

నాయన కత్తి కింద పెట్టాడు. చాప ఎత్తాడు. తాడు ముడి వేస్తూ, రెండేళ్ళ తర్వాత మొదటిసారి అన్న ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"రేయ్ శీనా. నువ్వు ఇంటికి పో. చెల్లెల్ని తీసుకోని పో."

"నువ్వో?"

"ఈ కొయ్యలు చూసుకునేదానికి ఒక మనిషి కావాల. నాకు దూరపు చూపు బాగానే ఉండాదిలే."

అన్న చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాయన అతని భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే చాప రెక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ నన్ను అడగమన్న మాట నేను అడగనే లేదు. అడగకుండానే దొరికింది.

తిరుగు దారి

బయలుదేరే ముందు షెడ్డుకు పోయి రమణమ్మక్క పక్కన కూర్చున్నాను. గుడ్డలు చూశానని చెప్పాను. నువ్వు చెప్పినది గుర్తుండి కూడా, ఆ మనిషిని అడగడానికి సిగ్గుపడి వచ్చేశానని చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎవరితోనూ చెప్పలేదు.

ఆమె చేతిలో రేకును రెండుగా చీల్చింది. ఆ సగాన్ని మళ్ళీ చీల్చింది. నా వైపు చూడకుండా అంది.

"ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది మే. ఇంక లే. లారీ పోతాది."

లేచి వచ్చాను. కాలవ రేవులో పడవవాడు నాయన ఏడని అడిగితే అన్నే చెప్పాడు. అతను ఆ రోజు నవ్వలేదు. ఇంటి ముందు అమ్మ అన్నను పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా వెనక దారి వైపు చూసి, "ఒకణ్ణి తెమ్మంటే ఇంకొకణ్ణి వదిలేసి వచ్చినావా?" అంది.

ఇప్పుడు నాయన కూర్చునే చోట అన్న కూర్చుంటున్నాడు. సూదిలో దారం తనే ఎక్కించుకోగలడు, అయినా నన్ను పిలుస్తాడు. దగ్గు ఇంకా పోలేదు.

పోయిన వారం మా పాలెంలో ఒక ముసలమ్మ పోయింది. మా వాకిట్లో కొత్త చాప ఒకటి సాగడానికని గుంజకు ఎత్తి ఉంది. పాడె కడుతున్నవాళ్ళు వచ్చి, "చాప దించరా శీనా" అన్నారు. అన్న తాడు పట్టుకుని ఆగాడు. మళ్ళీ గుంజకు చుట్టేసి ఒడ్డుకు నడిచాడు. నేను వెనకే పోయాను. రెండేళ్ళుగా అల తగలని అన్న, మోకాళ్ళ దాకా నీళ్ళలోకి పోయి నిలబడి, ఒడ్డున ఉన్న తెప్పలను వేలితో చూపుతూ లెక్కపెట్టాడు.

"పొద్దున పదకొండు పోయినాయి. పదే ఉండాయి."

అది కాలవ మొగ దగ్గర ఆగి ఉంటుందిలే, పాడె ఎంతసేపని ఆపుతావని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆ గొణిగినవాళ్ళ వైపు తిరిగి, "ఉండండి. ఇంకొకటి రావాల" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నన్ను చూశారు. పాడెను ఇసుకలో దించి కాచుకున్నారు.

చాలాసేపటికి దక్షిణం నుంచి పదకొండో తెప్ప వచ్చింది. అది ఇసుకను తాకి, దాని మీది ఇద్దరూ దిగి మా వైపు నడిచి వచ్చేదాకా అన్న నీళ్ళలోనే ఉన్నాడు. తర్వాత తడి కాళ్ళతో వాకిట్లోకి వచ్చి తాడు విప్పాడు. రెండో కొస నేను పట్టుకున్నాను.